పరిశోధన పత్రాన్ని చదివేదెవరు?

గౌరవనీయులైన సంపాదకులకు,

ఈ మధ్య ఒక అధ్యాపకుడి పదోన్నతి దరఖాస్తుకు జతపరచిన కాగితాల్లో ఒక బహుశాస్త్ర పరిశోధన పత్రిక సంచిక చూశాను. అందులో ఒక మండలంలోని బోరు నీటిలో ఫ్లోరైడ్ పరిమాణం గురించి ఒక పత్రం, థర్మల్ కేంద్రాల బూడిద కలిపిన కాంక్రీటు బలం గురించి మరొకటి, వక్రతలాల జ్యామితి గురించి ఇంకొకటి, చిన్న వ్యాపారాల్లో నవకల్పనల గురించి వేరొకటి పక్కపక్కనే ఉన్నాయి. ఏ పత్రమూ ఏడెనిమిది పేజీలు దాటలేదు. అన్నింటి మీదా పత్రం అందిన తేదీకీ ఆమోదించిన తేదీకీ మధ్య తేడా వారం లోపే. ఆ పత్రిక పేరు ఇక్కడ రాయడం లేదు, రాయవలసిన అవసరమూ లేదు. ఏ కళాశాల స్టాఫ్ రూములో అడిగినా ఇలాంటివి నాలుగు పేర్లు చెబుతారు. నేను అడగదలచుకున్నది ఒక్కటే. ఈ నాలుగు పత్రాలనూ అచ్చుకు ముందు ఎవరైనా చదివారా? అచ్చయిన తరువాతైనా ఎవరైనా చదువుతున్నారా?

వేర్వేరు శాస్త్రాలు ఒకే పత్రికలో ఉండటం తప్పని నా అభిప్రాయం కాదు. 2006లో మొదలైన ప్లాస్ వన్ అనే పత్రిక అన్ని శాస్త్రాల పత్రాలనూ వేస్తుంది. అయితే ఆ పనికి ఆయా రంగాలు తెలిసిన వేల మంది సంపాదకులను పెట్టుకుంది. అన్ని శాస్త్రాలకూ తలుపు తెరిచిన పత్రికకు అన్ని శాస్త్రాలూ తెలిసిన పాఠకులు లోపల ఉండాలి. వాళ్లు లేనప్పుడు ఏమవుతుందో నాకు బాగా తెలిసిన నీటి విషయంతోనే చెబుతాను.

భూగర్భ జలాల మీద వచ్చే ప్రతి పత్రంలోనూ ఒక పట్టిక ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, బైకార్బనేట్, క్లోరైడ్, సల్ఫేట్, ఫ్లోరైడ్ లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నాయో అందులో రాస్తారు. నీటికి మొత్తంగా విద్యుదావేశం ఉండదు కాబట్టి ధన అయాన్ల (కాల్షియం, మెగ్నీషియం, సోడియం) మొత్తం, ఋణ అయాన్ల (మిగిలినవాటి) మొత్తం దాదాపు సమానం కావాలి. ఉదాహరణకు ఒక బోరు నీటిలో కాల్షియం 80, మెగ్నీషియం 36, సోడియం 115 మిల్లీగ్రాములని రాశారనుకుందాం. వాటి తుల్యభారాలతో (అయాన్ భారాన్ని దాని ఆవేశంతో భాగిస్తే వచ్చే అంకెలతో) భాగిస్తే వరసగా 4, 3, 5, మొత్తం 12 మిల్లీఈక్వివలెంట్లు. అదే వరుసలో బైకార్బనేట్ 305, క్లోరైడ్ 71, సల్ఫేట్ 48 అని ఉంటే అవి 5, 2, 1, మొత్తం 8. పన్నెండుకూ ఎనిమిదికీ మధ్య తేడాను రెండింటి మొత్తమైన ఇరవైతో భాగిస్తే 20 శాతం లోపం తేలుతుంది. సాధారణంగా 5 శాతం దాటితే మళ్లీ పరీక్షించమంటారు. ఇది ఎమ్మెస్సీ విద్యార్థి కాగితం మీద రెండు నిమిషాల్లో వేసుకోగల లెక్క. ఆ రెండు నిమిషాలూ ఎవరూ వెచ్చించని పట్టికలు అచ్చవుతూనే ఉన్నాయి.

నీటి రసాయన శాస్త్రం తెలిసినవారైతే ఇంకో సంగతీ గమనిస్తారు. కాల్షియం దండిగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ పెద్ద మొత్తంలో కరిగి ఉండలేదు, కాల్షియం ఫ్లోరైడ్‌గా గడ్డకట్టి నీటి నుంచి వేరుపడుతుంది. అందుకే మన గ్రానైట్ ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోర్లలో మామూలుగా కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బనేట్ ఎక్కువగా కనిపిస్తాయి. పట్టికలో కాల్షియం, ఫ్లోరైడ్ రెండూ ఎక్కువగా ఉంటే నమూనా సీసాలు తారుమారయ్యాయా, ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ సరిచూశారా అని, పత్రాన్ని అచ్చుకు ముందు చదివే సమీక్షకుడు అడగాలి. తాగునీటి ప్రమాణాల ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. ఈ హద్దుకు అటూ ఇటూగా ఉన్న ఒక అంకె తప్పయితే ఒక వీధి కుళాయి మూతపడవచ్చు, లేదా మూయవలసిన బోరు అలాగే నడుస్తూ ఉండవచ్చు. పదోన్నతి ఫైలులో ఒక మార్కు తెచ్చిపెట్టే పట్టికకు ఊరిలో ఇంత బరువుంది.

జ్యామితి సంగతి వేరు. అక్కడ కొలతలు లేవు, నిరూపణ ఉంటుంది. అది నిలిచినా నిలవకపోయినా పూర్తిగానే. బండి మీద బత్తాయిలను గోపురంలా పేర్చే పద్ధతి కంటే తక్కువ చోటులో సమాన గోళాలను సర్దలేమని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1611లో ఊహించాడు. ఆ పేర్పులో పండ్లు స్థలంలో 74 శాతానికి కొంచెం పైగా ఆక్రమిస్తాయి. పండ్ల వ్యాపారికి చేతి అనుభవంతో తెలిసిన ఈ సంగతిని నిరూపించడానికి దాదాపు నాలుగు వందల ఏళ్లు పట్టింది. గణితవేత్త థామస్ హేల్స్ 1998లో తన నిరూపణను ప్రకటించాడు. అందులో వందల పేజీల గణితం ఉంది, దానికి తోడు కంప్యూటర్‌తో చేసిన బ్రహ్మాండమైన లెక్కలున్నాయి. అనల్స్ ఆఫ్ మ్యాథమాటిక్స్ పత్రిక దాన్ని చదవడానికి పన్నెండుమంది సమీక్షకులను నియమించింది. వాళ్లు ఏళ్ల తరబడి చదివి, 2003లో, నిరూపణ సరైనదేనని 99 శాతం నమ్మకంతో చెప్పగలమని, కంప్యూటర్ లెక్కలన్నింటినీ తాము పూర్తిగా సరిచూడలేకపోయామని నివేదించారు. పత్రం 2005లో వచ్చింది. మిగిలిన ఆ ఒక్క శాతం హేల్స్‌కు నచ్చలేదు. ప్రతి మెట్టునూ యంత్రంతో తనిఖీ చేయించే పని మొదలుపెట్టి, సహచరులతో కలిసి 2014లో ముగించాడు. ఆ ఫలితం 2017లో అచ్చయింది.

అందరి పత్రాలకూ పన్నెండుమంది సమీక్షకులు, ఏళ్ల తరబడి పరిశీలన కావాలని నేనడగడం లేదు. హేల్స్ వంటి సందర్భాలు అరుదు. కానీ వక్రతలాల మీద రాసిన పత్రాన్ని వారం లోపల ఆమోదించిన పత్రిక అందులోని ఒక్క సిద్ధాంతాన్నైనా చదివి ఒప్పుకుందని నమ్మడం కష్టం. నిరూపణలో ‘ఇది స్పష్టమే’ అని రాసి దాటేసిన వాక్యం దగ్గర ఆగి, ‘ఎలా స్పష్టం?’ అని అడగడమే సమీక్షకుడి పని. దానికి ఒక మనిషి, కొంత సమయం కావాలి.

ఇంజనీరింగ్ పత్రం గురించి ఎక్కువ చెప్పను. బూడిద కలిపిన కాంక్రీటు ఆలస్యంగా బలపడుతుందని, 28 రోజుల తరువాత కూడా 56, 90 రోజుల దాకా పుంజుకుంటుందని సివిల్ ఇంజనీర్లందరికీ తెలుసు. 28 రోజుల వయసున్న కాంక్రీటు దిమ్మెలను మాత్రమే పగలగొట్టి చూసి, బూడిద పెరిగేకొద్దీ బలం తగ్గిపోతుందని తీర్మానించిన పత్రాన్ని అసలు సమీక్షకుడి దాకా పంపనవసరం లేదు, సంపాదకుడే వెనక్కి పంపాలి.

వ్యాపార నవకల్పనల పత్రాల మీద మాత్రం నాకు కొంత కోపం ఉంది. వీటిలో చాలావాటి తయారీ ఒకే తీరు. ‘పూర్తిగా అంగీకరిస్తున్నాను’ నుంచి ‘అసలు అంగీకరించను’ దాకా ఐదు మెట్ల ప్రశ్నావళిని ఫోన్లలో ఎంబీఏ విద్యార్థులకు పంపిస్తారు. వచ్చిన జవాబులను సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు. నవకల్పన వల్ల వ్యాపారం గణనీయంగా మెరుగుపడుతుందని తేలుస్తారు. ఒక వ్యాపారి గడప తొక్కకుండా, ఒక లెక్కల పుస్తకం తెరవకుండా తేలిన ఫలితమిది. మరోవైపు ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం, తల్లి ఆసు పోస్తూ (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ) పడే భుజాల నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. ఒక చీరకు దాదాపు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించవలసిన పనిని యంత్రానికి అప్పగించారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అర్ధవృత్తంగా పాతిన మేకుల చుట్టూ దారం నడవడంలో జ్యామితి ఉంది, దాన్ని యంత్రంగా మలచడంలో ఇంజనీరింగ్ ఉంది, నేతగాడు కొనగలిగే ధరకు దాన్ని అందించడంలో వ్యాపారం ఉంది. ఆ యంత్రం ఏ మగ్గాల ఊళ్లకు చేరింది, ఎక్కడ ఆగిపోయింది, ఎందుకు ఆగింది, ఆసు పోసే పని తప్పిన ఆడవాళ్లు ఆ సమయంలో ఏం చేస్తున్నారు, అప్పు ఎవరిచ్చారు అన్న ప్రశ్నల్లో ఏ ఒక్కటి పట్టుకుని ఊరూరా తిరిగినా మంచి పీహెచ్‌డీ అవుతుంది. ప్రశ్నావళి పంపడం కంటే అది కష్టం, నిజమే.

ఈ పరిస్థితి ఒక్కరోజులో రాలేదు, ఒక్కరి వల్లా రాలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009 నిబంధనలు పీహెచ్‌డీ గ్రంథం సమర్పించే ముందు ఒక పత్రం అచ్చయి ఉండాలన్నాయి. 2016లో దానికి రెండు సదస్సుల ప్రసంగాలు తోడయ్యాయి. 2018 నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్‌గా నేరుగా నియమితులవ్వాలంటే ఏడు పత్రాలు, ప్రొఫెసర్‌కు పది ఉండాలి. సంఖ్య అడిగితే సంఖ్యే తయారవుతుంది. అచ్చుకు డబ్బు తీసుకుని, సమీక్ష జరిగిందని చెప్పుకునే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిలో కొన్ని, పత్రిక ప్రభావాన్ని చూపే అంకె అయిన ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్’ను తమకు తామే రాసుకుంటాయి.

ఈ వ్యాపారానికి మన ప్రాంతంతో ఉన్న సంబంధం గర్వపడేది కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. సమీక్ష గురించి తప్పుడు ప్రకటనలు చేసిందని, అచ్చు రుసుమును ముందుగా చెప్పలేదని, ప్రముఖుల పేర్లను వారి అనుమతి లేకుండా వాడుకుందని ఆరోపించింది. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5.01 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు ఇచ్చింది. అంతకుముందు 2013లో సైన్స్ పత్రిక తరఫున విలేకరి జాన్ బోహనన్ ఒక ప్రయోగం చేశాడు. కాస్త చదువుకున్న సమీక్షకుడెవరైనా పట్టుకోగల తప్పులను కావాలనే పెట్టి ఒక దొంగ పత్రం రాసి, స్వల్ప మార్పులతో 304 పత్రికలకు పంపాడు. 157 పత్రికలు దాన్ని ఆమోదించాయి. ఆ పత్రికల్లో మన దేశానివి చాలానే ఉన్నాయి. డబ్బు తీసుకునే ప్రతి పత్రికా మోసం కాదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. పేరున్న పత్రికలూ తీసుకుంటాయి, అవి వేల డాలర్లలో తీసుకుంటాయి. పెద్ద ప్రచురణకర్తల చేతిలో ఉంటే భద్రమనీ అనుకోలేం. వైలీ సంస్థ కొన్న హిందావి పత్రికలు 2023లో వేల సంఖ్యలో పత్రాలను ఉపసంహరించుకున్నాయి.

యూజీసీ ఏమీ చేయలేదని అనలేం. 2018లో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను తీసేసింది. తరువాత ‘కేర్’ జాబితా తెచ్చింది. 2022 నవంబరు నిబంధనల్లో పీహెచ్‌డీకి పత్రం అచ్చయి తీరాలన్న షరతు తీసేసింది. 2025 ఫిబ్రవరిలో కేర్ జాబితానూ ఆపేసి, పత్రికల మంచిచెడ్డలు తేల్చే బాధ్యతను విశ్వవిద్యాలయాలకే వదిలింది, కొన్ని సూచనలు మాత్రం ఇచ్చింది. విద్యాసంస్థలకు జాతీయ ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ 2025 నుంచి ఉపసంహరించుకున్న పత్రాలకు మార్కులు కోసే పద్ధతి పెట్టింది. కూడడం నుంచి తీసివేతకు వచ్చామన్నమాట, చదవడం దాకా ఇంకా రాలేదు. జాబితా ఉన్నప్పుడు ‘జాబితాలో ఉందా లేదా’ అని చూసి సంతకం పెట్టేవారు. అది పోయాక చాలా చోట్ల ఆ స్థానంలో పరిశోధన పత్రికల అంతర్జాతీయ సూచిక అయిన స్కోపస్ పేరు చేరింది. పత్రంలో ఏముందని అడిగేవారు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు.

ఇదంతా చదివి అధ్యాపకులనే నిందించడం అన్యాయం. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ చదువు ఎక్కువగా ప్రైవేటు కళాశాలల్లోనే నడుస్తోంది. అక్కడి యువ అధ్యాపకుడు వారమంతా పాఠాలు చెప్పి, అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరిగి, గుర్తింపు తనిఖీల ఫైళ్లు నింపి, రాత్రిళ్లు తన పీహెచ్‌డీ చేసుకోవాలి. ల్యాబులో నీటిలోని అయాన్లను కొలిచే అయాన్ క్రొమటోగ్రాఫ్ ఉండదు, ఉన్నా పనిచేయదు. ‘ఒకే దేశం ఒకే చందా’ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. ముప్పై ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలను దాని కింద అందుబాటులోకి తెచ్చారు. మంచి పనే, కానీ అది ప్రభుత్వ నిర్వహణలోని సంస్థలకే పరిమితం. ప్రైవేటు కళాశాలలో ఉన్న అధ్యాపకుడు తన రంగంలో వచ్చిన మంచి పత్రాన్ని చదవాలంటే ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోని మిత్రుడికి ఫోన్ చేయాలి. మంచి పత్రాలు చదవడానికి దారి లేదు, ఏడాదికి ఇన్ని పత్రాలు రాయాలన్న ఒత్తిడి మాత్రం ఉంది. అలాంటివాడు కొన్ని వేల రూపాయలకు మూడు రోజుల్లో ఆమోదం ఇచ్చే పత్రికను వెతుక్కుంటే ఆశ్చర్యమేముంది?

పత్రికా రంగం కూడా ఇందులో కొంత పాలు పంచుకుంటోందని మీరు అనుమతిస్తే చెబుతాను. జిల్లా పేజీల్లో ఫలానా అధ్యాపకుడి ఇరవైయవ అంతర్జాతీయ పత్రం ప్రచురితమైందని, ప్రిన్సిపాల్ శాలువా కప్పారని ఫొటోతో వార్తలు వస్తుంటాయి. పత్రం దేని గురించి, ఏం తేలింది అన్న వాక్యం ఆ వార్తలో ఉండదు. విలేకరి ఆ ఒక్క ప్రశ్న అడిగి జవాబు రాస్తే చాలు, ఏది వార్తో ఏది ప్రకటనో పాఠకుడే తేల్చుకుంటాడు.

మన నేల మీద పరిశోధన ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయే జబ్బును దేశంలో మొదట గుర్తించి వైద్య పత్రికలో రాసింది 1937లో. అప్పటి మద్రాసు రాష్ట్రంలో, నాటి నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల రోగులను చూసి రాశారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరోసిస్ ప్రాంతాల్లోని పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్‌లో నమోదు చేశారు. అదే దశకంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని రూపొందించి దానికి నల్గొండ పేరు పెట్టింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, బాగా కలియబెట్టి, మడ్డి అడుక్కు దిగాక పైనీరు తీసుకోవడమే పద్ధతి. ఇంట్లో చేసుకోవడానికి నలభై లీటర్ల బకెట్‌కు అడుగుభాగానికి కాస్త పైన కుళాయి బిగిస్తే చాలు.

ఆ పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఒక పట్టిక. నీటిలో ఫ్లోరైడ్ ఇంత, క్షారత ఇంత ఉంటే పటిక ఇంత వెయ్యాలి అని అందులో ఉంటుంది. నీటి పథకం చూసుకునే సిబ్బంది దాన్ని గోడకు అతికించుకుని వాడుకోగలరు. పద్ధతికి లోపాలున్నాయి. పటిక ఎక్కువ పడుతుంది, మడ్డిని ఎక్కడ పోయాలన్నది సమస్య, శుద్ధి చేసిన నీటిలో అల్యూమినియం మిగిలే ప్రమాదం ఉంది. ఈ లోపాలు బయటపడింది కూడా ఆ పద్ధతిని చాలామంది చదివి, చేసి చూడటం వల్లే. ఎవరూ చదవని పత్రంలో తప్పు ఉందో లేదో కూడా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు బాధ్యత విశ్వవిద్యాలయాలకు వచ్చింది కాబట్టి, రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లూ చేయదగిన పనులు కొన్ని కనిపిస్తున్నాయి. నియామకాలు, పదోన్నతుల్లో అభ్యర్థి తన మొత్తం జాబితా కాకుండా తాను ఎంచుకున్న మూడు పత్రాలు మాత్రమే సమర్పించాలని నిబంధన పెట్టవచ్చు. జర్మనీలో పరిశోధనలకు నిధులిచ్చే సంస్థ డీఎఫ్‌జీ 2010లోనే నిధుల దరఖాస్తుల్లో పత్రాలను ఐదుకు పరిమితం చేసింది. ఆ మూడింటినీ విషయ నిపుణుడు ముందుగా చదివి, ఒక పేజీ అభిప్రాయం రాసి, దాని మీద సంతకం పెట్టాలి. ఇంటర్వ్యూ ఆ పత్రాల మీదే జరగాలి. పట్టికలో ఈ అంకె ఎలా వచ్చింది, ఈ మెట్టు నుంచి ఆ మెట్టుకు ఎలా వెళ్లారు అని అడిగితే, పత్రం రాసినవారెవరో రాయించుకున్నవారెవరో పావుగంటలో తేలిపోతుంది. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. నిపుణుడికి తగిన గౌరవ వేతనం, రెండు వారాల గడువు ఇస్తే చాలు. ఖర్చవుతుంది. నకిలీ పత్రాలకు అధ్యాపకులు సొంత జేబుల నుంచి ఏటా పోస్తున్న డబ్బుతో పోలిస్తే ఆ ఖర్చు పెద్దదని నేననుకోను.

పీహెచ్‌డీ విషయంలో, గ్రంథాన్ని అందరూ ఆన్‌లైన్‌లో చదవగలిగే శోధ్‌గంగలో పెట్టడం ఇప్పటికే తప్పనిసరి. దానితోపాటు అసలు కొలతల ఫైలును కూడా పెట్టమనాలి. నీటి నమూనాలైతే తీసిన తేదీ, బోరు లోతు, పరీక్షించిన పరికరం, అయాన్ల సమతుల్యత లెక్క అందులో ఉండాలి. సర్వే అయితే పేర్లు తీసేసిన జవాబులు ఉండాలి. వైవా బహిరంగంగా జరగాలని నిబంధన ఉన్నా, స్కాలర్ల బంధువులు, విభాగంలోని నలుగురు తప్ప ఎవరూ రారు. కనీసం పక్క జిల్లా కళాశాలల్లో ఆ విషయం చెప్పే అధ్యాపకులకు వారం ముందు గ్రంథం పంపి పిలవవచ్చు.

చివరిది పర్యావరణ పరిశోధనలకు మాత్రమే వర్తించేది, కానీ నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. ఏటా మన జిల్లాల్లో ఎంతోమంది స్కాలర్లు ఊళ్లకు వెళ్లి బోర్ల దగ్గర సీసాలు నింపుకుని వస్తారు. ఊరివాళ్లు మోటారు వేసి, కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి సాయం చేస్తారు. ‘ఫలితం ఏమొచ్చింది బాబూ’ అని అడిగితే చెబుతామంటారు. ఆ ఫలితం ఇంగ్లీషులో ఎక్కడో అచ్చవుతుంది, ఊరికి చేరదు. జలజీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు కిట్లతో నీటి పరీక్ష చేయడం నేర్పే ఏర్పాటు ఉంది. అంటే ఆ కాగితం చేరితే చదివి అర్థం చేసుకోగల మనుషులు ఊళ్లోనే ఉన్నారు. ఒక గ్రామం నీటిని పరీక్షించిన ప్రతి స్కాలరూ గ్రంథం సమర్పించే ముందు ఆ పంచాయతీకి తెలుగులో ఒక పేజీ కాగితం ఇచ్చి, సర్పంచ్ లేదా కార్యదర్శి చేత అందినట్లు సంతకం తీసుకుని, ఆ రసీదును గ్రంథానికి జతచేయాలని విశ్వవిద్యాలయం నిబంధన పెట్టవచ్చు. ఏ వీధిలోని ఏ బోరు, ఏ నెలలో నీరు తీశారు, ఫ్లోరైడ్, నైట్రేట్ ఎంత, ప్రమాణం ఎంత, తాగవచ్చా లేదా, సందేహముంటే ఎవరికి ఫోన్ చేయాలి అన్న ఆరు వరుసలు చాలు. ఫలితం మీద నమ్మకం లేని స్కాలర్ ఆ కాగితం ఇవ్వడానికి జంకుతాడు. ల్యాబుకు మళ్లీ వెళ్లి పరీక్షించుకుని వస్తాడు.

భవదీయుడు,
పర్యావరణ ఇంజనీరింగ్ విశ్రాంత ఆచార్యుడు,
ఒంగోలు.